పెదవులు కలిసే అక్షరాలు

ఈ మధ్యే నాకు "మామిడి పండు" అనడం వచ్చింది. అరవైకి దగ్గరపడిన మనిషి, అందులోనూ కృష్ణగిరి మామిడి మండీల వార్తలు రాస్తూ తల నెరిసినవాడు, గొప్పగా చెప్పుకోవలసిన సంగతేమీ కాదిది. కానీ చాలా నెలలపాటు ఆ రెండు మాటలూ నా నోట పలకలేదు. కాలిన మచ్చలకో, ఎండకు కమిలిన చర్మానికో లేజరు చేయించుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్ళు ఇప్పుడు నన్ను హోసూరు వీధుల్లో ఆపి అడుగుతున్నారు. అందరికీ నిలబడి చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. రాస్తే నా మనసూ కాస్త కుదురుకుంటుంది.

నిరుటి మామిడి కాలంలో మా తమ్ముడి పాత జీపులో కృష్ణగిరి మండీకి బయలుదేరాం. శూలగిరి దాటాక ఇంజను వేడెక్కింది. తమ్ముడు జీపు పక్కకు ఆపి, ముందు మూత ఎత్తి, చేతికి తడిగుడ్డ చుట్టుకుని రేడియేటర్ బిరడా తిప్పుతున్నాడు. "దూరం నిలబడన్నా" అన్నాడు. ఏది జరుగుతున్నా వంగి చూడటం విలేకరికి ఒంటబట్టిన అలవాటు. వంగాను. బిరడా ఎగిరింది. మరుగుతున్న నీళ్ళూ ఆవిరీ కలిసి నా ఎడమ చెంపనూ, పై పెదవినీ, నోటి మూలనూ తాకాయి.

కంటికి ప్రమాదం తప్పింది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ అన్న మాట అదే, నేనూ దాన్నే పట్టుకుని ఊరట పడ్డాను. పుండు మానింది. మానాకే అసలు కష్టం మొదలైంది. కొత్త చర్మం రోజురోజుకూ గట్టిపడుతూ, ముడుచుకుంటూ, పై పెదవిని తనవైపు లాక్కోసాగింది. వానలు మొదలయ్యే వేళకు ఎడమవైపు పెదవులు రెండూ కలవడం మానేశాయి. ఆ సందులోంచి టీ కారేది, గాలి పోయేది.

పెదవులు కలవకపోతే ప, బ, మ పోతాయని అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మూడూ పోయాక ఎంత భాష పోతుందో అప్పుడు తెలిసింది. మా వైపు మరీ ఎక్కువ పోతుంది. ఇక్కడ మగవాళ్ళను పిలిస్తే చివర "అప్పా" ఉండాలి, ఆడవాళ్ళను పిలిస్తే "అమ్మా" ఉండాలి. అది లేకపోతే పిలిచినట్టు ఉండదు, అదిలించినట్టు ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా "ఏమప్పా, ఎట్లుండాది పంట" అని అడిగి వార్తలు తెచ్చుకున్నవాడిని నేను.

నా భార్య పేరు పద్మ. నా నోట అది పలకక "ఇదిగో" అని పిలవసాగాను. రెండు రోజులు చూసింది.

"ఇన్నేండ్లు పేరు పెట్టి పిలిచి ఇప్పుడు ఇదిగో అంటే యాడ చూడాల నేను? మీ చేతిలో ఏముండాదని?" అని నవ్వింది. నవ్వి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ చాలాసేపు నిలబడింది.

ఫోన్లో వార్త చెబితే మా పత్రికాఫీసులో ఉన్నవాళ్ళు "సార్, లైను సరిగా లేదు" అనేవారు. లైను బాగానే ఉండేది. కొన్నాళ్ళకు వార్తలు టైపు చేసి పంపడం మొదలుపెట్టాను. మనుషులతో మాట్లాడటం తగ్గించాను. మాస్కు తొడుక్కోకుండా గుమ్మం దాటడం మానేశాను.

అన్నిటికంటే ఎక్కువగా బాధించింది నారాయణప్ప సంగతి. బేరిగై దగ్గర గులాబీలు పండించే రైతు ఆయన. పూల ధర పడినా లేచినా, పంటకు తెగులొచ్చినా మొదట నాకు ఫోను చేసేవాడు. ప్రమాదం తర్వాత ఒకరోజు నేనే చేశాను. ఆయన పేరులోని చివరి అక్షరం నా నోట "హ" లాగా వస్తుంది. వెక్కిరించినట్టు ఉంటుందని భయపడి, దానికి ముందే ఆపి, "నారాయణా" అన్నాను.

"ఆఁ, చెప్పు" అన్నాడు పొడిగా. ఆ తర్వాత నేనెప్పుడు చేసినా ఫోను ఎత్తలేదు. పేపరాయన పెద్దోడైపోయినాడు, నారాయణప్ప పేరును సగానికి కోసి పిలిచినాడు అని బేరిగైలో చెప్పుకుంటున్నారని పద్మ వాళ్ళ అమ్మ ద్వారా తెలిసింది. ఆవిడదీ ఆ ఊరే. తన అల్లుడి మీద నింద పడిందని ఆవిడకూ చిన్నతనంగా ఉంది. వెళ్ళి సర్దిచెప్పుకుందామంటే చెప్పుకోవడానికి నోరు సాయం రాదు. పద్మ చేత చెప్పిద్దామంటే నా లోపం ఊరంతా తెలుస్తుందని నేనే వద్దన్నాను. "పెదవి" అన్న మాటే పెదవులు కలవకుండా పలకదు.

ఆగస్టులో పద్మే హోసూరులోని ఒక లేజరు క్లినిక్ సంగతి తెలుసుకొచ్చింది. బోర్డు మీద మచ్చలేని పడుచుపిల్ల ముఖం. దాన్ని చూసి మెట్ల దగ్గరే ఆగిపోయాను. వెనక్కి తిరగబోతుంటే పద్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అందం ఎవురడిగినారు మిమ్మల్ని? పెదవి అడిగేకి వచ్చినాం, రండి."

అక్కడ కూర్చున్నవాళ్ళంతా సోకుల కోసం వచ్చినవాళ్ళేననుకున్నాను. నా పక్క కుర్చీలో పాత్రల అంగడి రుక్మిణమ్మగారున్నారు. కోడళ్ళకు కంటి డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చారట. నా చూపు కనిపెట్టి ఆవిడే మొదలుపెట్టారు.

"అంగడి తూర్పు ముఖం సార్. నలభై ఏండ్లు పొద్దుటి ఎండంతా ఈ చెంపకే తగిలింది. చూడండి, ఒక చెంప అత్త, ఒక చెంప కోడలు."

నిజమే. ఒకవైపు నల్లమచ్చలు, ముడతలు. రెండోవైపు నునుపు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే పెదవి మరీ వికారంగా లేస్తుందని చేత్తో కప్పుకున్నాను. ఆవిడ చూడనట్టు తల తిప్పుకున్నారు. ఎదురు బెంచీ మీద బర్గూరు కాలేజీలో చదివే అమ్మాయి, ముఖమంతా మొటిమల గుంటలు, చున్నీ కళ్ళ కిందిదాకా లాక్కుని కూర్చుంది. ఆ గది నిండా నాలాగే ముఖం దాచుకున్నవాళ్ళే. అది అర్థమయ్యాక బోర్డు మీది పిల్ల మీద కోపం పోయింది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఇంటి భాష తమిళం. ఇక్కడికొచ్చి నేర్చుకున్న తెలుగులో "మామిడి పండు అనండి సార్" అంది. అందరి చేతా అదే అనిపిస్తుందో, నన్ను చూసి తోచిందో తెలియదు. అన్నాను. బయటికొచ్చిన చప్పుడు రాయడానికి మన లిపిలో అక్షరాలు లేవు. పద్మ కిటికీలోంచి బయటికి చూసింది.

"లేజరు మచ్చను తుడిచేయదు, మెత్తబరుస్తుంది. మెత్తబడితే పెదవి కిందికి దిగొచ్చు. కొన్నిసార్లు చేసి చూద్దాం. దిగకపోతే ఆపరేషన్. ఇప్పుడే మాటివ్వను" అంది. ఆ మాటివ్వకపోవడమే నాకు నమ్మకం కలిగించింది. తర్వాత నా కుడి చెంపను వెలుతురుకు తిప్పి చూసింది.

"ఇది ఆవిరి కాదు కదా?"

కాదు. ఎన్నో ఏళ్ళ ఎండ. స్కూటరు మీద సామల్పట్టి వరకూ, ఆ పైకీ, తలమీద గుడ్డ కూడా లేకుండా తిరిగిన ఎండ. కణతల దగ్గర గరుకుగా, మచ్చలు మచ్చలుగా ఉన్న చర్మాన్ని ఇన్నాళ్ళూ నేను వయసనుకున్నాను. ఆ వైపు కూడా కొంచెం చేద్దామంది.

మొదటిసారి ఎలా ఉందంటే, ముందు ముఖానికి మొద్దుబారే క్రీము పూసి కూర్చోబెట్టారు. తర్వాత కళ్ళకు మూతలు. కాసేపటికి తిరగమోతలో ఆవాలు చిట్లి చెంప మీద పడుతున్నట్టు వరసగా చురుకులు, వెంట్రుక కాలిన వాసన. అది ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వేరే వచ్చింది. ముఖం చల్లబరచడానికి గొట్టంలోంచి గాలి వదిలారు. కళ్ళు మూసి ఉన్న నాకు ఆ బుస్సుమనే చప్పుడు శూలగిరి రోడ్డు మీది చప్పుడే అయింది. లేచి కూర్చున్నాను.

నర్సు గొట్టం ఆపేసింది. ఏమైందని అడగలేదు. నా చెయ్యి తీసుకుని, అరచేతిలోకి ముందు మెల్లగా, తర్వాత గట్టిగా గాలి వదిలింది. "చల్లంగా ఉండాది కదా సార్? ఇదే, ఇంగేమీ లేదు." నేను తలూపేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. మిషను పేరు నాకు గుర్తులేదు. ఆ అరచేతి చల్లదనం గుర్తుంది.

ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే, ఎర్రగా ఉబ్బిన ముఖం మీద జల్లెడ అచ్చు వేసినట్టు చుక్కలు. రాత్రికి అవి సన్నటి పొక్కులుగా లేచాయి. ఇలాగే ఉంటుందని ముందే చెప్పారు. లేపనం ఆరనివ్వకూడదు, ఎండ తగలకూడదు, నోరు ఎక్కువ కదపకూడదు. ఇవీ షరతులు.

మర్నాడు పద్మ బడికి వెళ్ళాలి, ఆమె టీచరు. నాకు తోడుగా వాళ్ళ అమ్మను రమ్మంది. ఫోన్లో "ముఖానికి చిన్న వైద్యం చేసినారు" అని మాత్రం చెప్పింది. మా అత్త మునెమ్మ బేరిగై నుంచి వచ్చేసరికి పద్మ వెళ్ళిపోయింది. ఆవిడ గుమ్మంలోంచి నా ముఖం చూసింది. సంచి కింద పెట్టింది. చెప్పులు వీధిలో వదిలొచ్చి రెండు చేతులూ జోడించింది.

"వచ్చినావా తల్లీ. చల్లంగా చూడమ్మా."

ఒంటి మీద పొక్కులు లేస్తే మా వైపు పెద్దవాళ్ళు రోగం అనరు, అమ్మ వచ్చిందంటారు. అమ్మ ఉన్న ఇంట్లో మందు పూయరు, పోపు వేయరు, బయటివాళ్ళు గడప దాటరు. నేను కంగారుగా లేచి "అమ్మ కాదు" అన్నాను. నా నోట అది "అన్న కాదు" అని వచ్చింది.

"అన్నం కాదా? కాదులే నాయినా. అమ్మ వచ్చినప్పుడు అన్నం దిగదు. రాగి గంజి కాస్తాను" అంది.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అన్నమే అయింది. కాగితం మీద రాద్దామంటే అత్తకు చదువు రాదు. పద్మకు మెసేజ్ పెట్టాను గానీ బడిలో వాళ్ళ ఫోన్లు బీరువాలో ఉంటాయి. ఈలోగా గుమ్మానికి వేపమండలు ఎక్కాయి. లేపనం ట్యూబు నా కళ్ళముందే దేవుడి పటం వెనక్కి వెళ్ళింది. ప్రేమతో చేసేవాళ్ళను అడ్డుకోవడం కష్టం, అదీ నోరు లేనివాడికి. ఆవిడ వేపాకు పసుపు నూరి తెచ్చినప్పుడు మాత్రం గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

మధ్యాహ్నం గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. కిటికీలోంచి చూస్తే నారాయణప్ప. మనిషి వేగంగా వచ్చాడు. వేపమండలు చూసి గేటు బయటే ఆగి, చెప్పులు విడిచాడు.

"ఎవురికొచ్చింది మునెక్కా అమ్మ?"

"మా అల్లుడికప్పా."

"ఈ వయసులోనా?"

"అమ్మకు మన వయసుతో పనేముండాది? నువ్వేంటికొచ్చినావు ఇంత ఎండలో?"

"కొట్లాడేకి వచ్చినాను. పరవాలేదు, ఇంగెప్పుడన్నా కొట్లాడతాను. అమ్మ ఉండే ఇంటి ముందర గొంతెత్తకూడదు."

"దేనికప్పా కొట్లాట?"

"నా పేరుకు. అది నీకేంటికి లే. మజ్జిగుంటే ఈడికే ఇయ్యి, తాగి పోతాను."

ఆయన గోడ నీడన కూర్చుని మజ్జిగ తాగుతూ ఊరి సంగతులు మొదలుపెట్టాడు. వెళ్ళబోతుండగా పద్మ వచ్చింది. మెసేజ్ చూసుకుని సగం పూట సెలవు పెట్టి పరుగున వచ్చింది. వేపమండలు చూసి, వాళ్ళ అమ్మను చూసి, అక్కడే గేటు పట్టుకుని పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఇది అమ్మ కాదే. మిషనుతో చేసినారు. లేజరు."

అత్త నమ్మలేదు. "మిషను పెట్టి అమ్మను పిలిపించుకుంటారా ఎవురన్నా?"

నారాయణప్ప లేచి నిలబడ్డాడు. నేను కిటికీ దగ్గరికి వచ్చాను. మాస్కు లేదు. ఆయన నా పెదవిని చూడటం అదే మొదలు. ప్రమాదం సంగతి ఏదో చిన్న దెబ్బ అని విని ఉన్నాడంతే. పద్మ చెప్పింది: "ప రాదన్నా ఆయనకు, మ రాదు. నా పేరే రాదు ఆయన నోట."

ఆయన ఖాళీ గ్లాసు గోడ మీద పెట్టాడు. తర్వాత, "అయితే నా పేరు కోసింది ఆవిరా?" అన్నాడు.

నేను తలూపాను. ఆయన నా ముఖం వైపు కాకుండా, నేను నిలబడ్డ కిటికీ వైపూ, వరండాలో పడుతున్న పడమటి ఎండ వైపూ చూశాడు. మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే పాలీహౌసు పందిట్లో గులాబీల మీద కట్టే పచ్చ నీడవల చుట్ట ఒకటి తెచ్చి, ఇద్దరు మనుషుల్ని పెట్టి వరండాకూ కిటికీలకూ కట్టించాడు. పద్మ వద్దంటే, "పూలకే పట్టినాను గొడుగు, మనిషికి పట్టలేనా?" అన్నాడు. ఆ వాన కాలమంతా మా ఇల్లు లోపల ఆకుపచ్చగా ఉంది.

ఆ ఒక్క పూట మందు లేక ఆరిపోయిన నోటి మూల పగిలింది. డాక్టరమ్మ కోప్పడింది. రెండోసారి చేయడం వెనక్కి జరిగింది. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పదలచింది ఇదొక్కటే. చేయించుకునే మీకు మీరెలా ఉండబోతారో తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియదు. ముందే కూర్చోబెట్టి చెప్పండి, వీలైతే క్లినిక్కుకు తీసుకెళ్ళండి. మా అత్తను రెండోసారికి పద్మ వెంట తెచ్చింది. ఆవిడ నర్సు చేతిలోని గొట్టం గాలిని తన అరచేతిలోకి పట్టించుకుని, "అమ్మ చల్లదనమే ఇది కూడా" అని తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇంట్లోనే ఉండిపోయి లేపనం పూసే పని ఆవిడే చూసుకుంది. గంట తప్పేది కాదు.

దసరా దాటాక భయపడ్డ రోజులొచ్చాయి. కుడి చెంప తేరుకోకపోగా, చేసినచోటల్లా నల్లబడింది. మంగు మచ్చలు లేచినట్టు. ఎడమవైపు పెదవి దిగినట్టే దిగి ఆగిపోయింది. మన రంగు చర్మానికి ఇలా అవుతుంటుంది, నెమ్మదిగా విడుస్తుంది, ఎండ తగలనివ్వకండి అని డాక్టరమ్మ చెప్పింది. చెప్పినప్పుడు నమ్మాను, ఇంటికొచ్చాక నమ్మలేకపోయాను. ఉన్న ముఖాన్ని కూడా పాడుచేసుకున్నానని పద్మను కసిరాను. కసరడానికి కూడా సరైన అక్షరాలు లేక సగంలో ఆగిపోయాను. ఆమె ఆ సగాన్ని పట్టించుకోలేదు. "పూర్తిగా తిట్టేకి వచ్చినాక తిట్టండి, అప్పుడు వింటాను" అంది.

ఆ రోజుల్లోనే క్లినిక్కులో రుక్మిణమ్మగారు మళ్ళీ కలిశారు. చేతిసంచిలోంచి కాగితంలో చుట్టినదేదో తీసి నా ఒళ్ళో పెట్టారు. పాలాడ, పసిపిల్లలకు పాలు పోసే ముక్కు గిన్నె. కొత్తది, స్టీలుది.

"పోయినసారి టీ తాగేకి కష్టపడినారు కదా. దీంతో మంచి పక్కన పోసుకోండి, కారదు. నవ్వద్దండి మరి. మా అంగట్లో పెద్దోళ్ళకు ఇచ్చింది ఇదే మొదలు."

ఆ గిన్నెతో కాఫీ తాగాను చాలా రోజులు. పక్కన ఎవరున్నా తాగాను.

పెదవులకు కసరత్తుగా పలుచని కాగితం రెండింటి మధ్యా పట్టి ఉంచమన్నారు. అత్త కాగితం చూసి మొహం చిట్లించి, నారాయణప్ప పంపే పూలలోంచి ఒక గులాబీ రేకు తుంచి ఇచ్చింది. ఎడమవైపు పెట్టిన రేకు జారి ఒళ్ళో పడేది. ఇంటినిండా రేకులు. పుష్యమాసం చలిలో ఒక పొద్దున పద్మ బడికి బయలుదేరుతూ నన్ను చూసి ఆగిపోయింది. రేకు నిలబడి ఉంది. ఆమె దగ్గరికొచ్చి మెల్లగా లాగింది. లాగితే గానీ రాలేదు.

ఆ తర్వాత మరోసారి లేజరు చేశారు. మామిడి పూత చూడటానికి మాస్కు లేకుండా, అంచు వెడల్పు టోపీతో తోటల్లో తిరిగి వచ్చిన వారమే డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష పెట్టింది. "మామిడి" పూర్తిగా వచ్చింది. "పండు"లో కొంచెం గాలి పోయింది. ఆమె నవ్వి, "ఆపరేషన్ మాట ఇక ఎత్తను" అంది. మచ్చ ఉంది, ఉంటుంది. చేతితో తాకితే మాత్రం అట్ట లాగా లేదు, చర్మం లాగా ఉంది. కుడి చెంప నలుపు చాలా వరకు విడిచింది. రుక్మిణమ్మగారి కోడళ్ళకు సంగతి తెలిసిపోయి, చిన్నకోడలే ఇప్పుడు వెంట వస్తోంది.

ఇంటికొచ్చి "పద్మా" అని పిలిచాను. లోపలి నుంచి పలకలేదు. రెండోసారి పిలిస్తే వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇదిగో అనేదే బాగుండాది, అలవాటైపోయింది" అంది. కళ్ళు వేరే చెప్పాయి.

సాయంత్రం వరండాలో నీడవల కింద కూర్చుని నారాయణప్పకు ఫోను చేశాను. ఎత్తాడు. పెదవులు ఒకసారి నొక్కి చూసుకుని, పేరు మొత్తం పిలిచాను.

"నారాయణప్పా."

"ఇంగొకసారి పిలువప్పా" అన్నాడు. "లైను సరిగా లేదు."

లైను బాగానే ఉంది. ఆయన వెనక గులాబీల మీద నీళ్ళు చిమ్ముతున్న శబ్దం కూడా నాకు స్పష్టంగా వినిపిస్తోంది. మళ్ళీ పిలిచాను.